పిల్లల పేర్లు నిలవడం లేదు, ఆ సాయంత్రం మాత్రం పోవడం లేదు. ఒకే మెదడు ఎందుకిలా చేస్తోంది?

నల్లబల్ల అడిగిన ప్రశ్న

నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. వయసు 41, సర్వీసు పద్నాలుగేళ్ళు. నాకు చెప్పుకోదగ్గ విద్య ఏదైనా ఉందంటే ఒక్కటే. కొత్త క్లాసు మొదలైన మూడో రోజుకల్లా రిజిస్టర్ చూడకుండా అందర్నీ పేరు పెట్టి పిలుస్తాను. ముప్ఫై ఎనిమిది మంది ఉన్నా సరే. తోటి టీచర్లు దీని మీద పందేలు వేసుకునేవాళ్ళు.

ఈ ఏడాది క్లాసు మొదలై నలభై రోజులు దాటింది. కిటికీ పక్కన కూర్చునే పిల్లాడి పేరు నాకింకా రాదు. రోజూ చూస్తాను, రోజూ అడుగుతాను. వాడు పాపం విసుక్కోకుండా చెబుతాడు. మధ్యాహ్నానికి మళ్ళీ పోతుంది.

నాలుగు నెలల క్రితం నాన్నకి స్ట్రోక్ వచ్చింది. ఐదు వారాలు ఆసుపత్రిలో, ఆ తర్వాత ఇంట్లో. పగలు అన్నయ్య, రాత్రి నేను, అలా వంతులేసుకుని చూసుకున్నాం. ఇప్పుడు నాన్న కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట ముద్దగా వస్తోంది, కానీ వస్తోంది. ఆయన కోలుకుంటున్నారు, నేనే పాడైపోతున్నట్టుంది.

ఏటీఎం దగ్గర ఎనిమిదేళ్ళుగా వాడుతున్న పిన్ నంబరు గుర్తురాక వెనక్కి వచ్చేశాను. బోర్డు మీద ఒకే లెక్క రెండుసార్లు వేశాను, రెండోసారి జవాబు తప్పు కూడా. వదినకి ఒకే విషయం మూడుసార్లు చెప్పానట. ఆసుపత్రిలో రెండో రోజు డాక్టరు నన్ను కూర్చోబెట్టి మందుల గురించి చాలాసేపు చెప్పారని అన్నయ్య అంటాడు. నాకు ఆ గది గుర్తుంది, డాక్టరు గుర్తున్నారు, ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

ఇక ఇంకో వైపు. నాన్న పడిపోయిన సాయంత్రం కళ్ళకి కట్టినట్టు ఉంది. వంటింటి గుమ్మంలో పక్కకి ఒరిగి ఉన్నారు. ఎడమ కాలి చెప్పు బోర్లా పడి ఉంది. కుళాయి ధారగా పోతూనే ఉంది, కింద గిన్నె నిండి పొర్లుతోంది. గోడ గడియారంలో ఆరూ ఇరవై. ఇప్పటికీ నీళ్ళ చప్పుడు వింటే చెయ్యి వణుకుతుంది.

టెన్షన్ వల్ల జ్ఞాపకశక్తి పోతుందంటారు కదా, మరి అది ఎందుకు పోలేదు? పోవాల్సింది పోదు, ఉండాల్సింది ఉండదు. ఇది మతిమరుపు జబ్బుకి మొదలా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

హరితం

అక్కా, నాకూ ఇలాగే అయింది. జ్ఞాపకశక్తి మాత్రలు నెల రోజులు వేసుకున్నాను, బాగానే పనిచేశాయి. వాటి పేరు ఇప్పుడు గుర్తు రావడం లేదు, చూసి చెబుతాను.

పాత లెక్చరర్

నల్లబల్ల గారూ, నేను వైద్యం చేసే డాక్టర్ని కాను. ఇరవై ఆరేళ్ళు మెడికల్ విద్యార్థులకి ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యాను. కాబట్టి మీకేమైందో తేల్చలేను, మెదడులో ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను. హరితం గారికి ఆ మాత్రల పేరు గుర్తొచ్చినా కొనకండి.

మీరు అన్నిటినీ కలిపి మరుపు అన్నారు. మీరు రాసింది రెండుసార్లు చదివాను, నాకు అక్కడ వేర్వేరు సంగతులు కనిపించాయి. పిల్లాడి పేరు లోపలికే వెళ్ళలేదు. పిన్ నంబరు లోపలే ఉంది, అడిగిన నిమిషానికి బయటికి రాలేదు. ఆ సాయంత్రం అవసరానికి మించి లోతుగా దిగింది. స్ట్రెస్ ఈ మూడింటినీ చేస్తుంది. జ్ఞాపకశక్తి అనేది ట్యాంకులో నీళ్ళలా ఉండి, టెన్షన్ వస్తే మట్టం తగ్గిపోతుందనుకుంటాం. అలా ఉండదు.

కొంచెం శరీరం సంగతి చెప్పాలి. భయం వేయగానే కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడ, అరచేతుల్లో చెమట దాని పనే. రెండో దారి నిదానం. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ దాని కింద వేలాడే పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది, పిట్యూటరీ రక్తం ద్వారా అడ్రినల్ గ్రంథులకి చెబుతుంది, అప్పుడు కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ ఊరుతుంది. అది బాగా పైకెక్కేసరికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఈ నిమిషాల లెక్క గుర్తుపెట్టుకోండి. (మీతో గుర్తుపెట్టుకోండి అనడం నాకే బాగాలేదు. కింద మళ్ళీ చెబుతాను లెండి.)

అడ్రినలిన్ రక్తంలోంచి మెదడులోకి దాదాపు దూరలేదు. కార్టిసాల్ స్టెరాయిడ్, అంటే కొవ్వులో కరిగే రకం కాబట్టి దానికి ఆ అడ్డు లేదు. లోపలికి వెళ్ళి ఎక్కడ దిగుతుంది? 1968లో మెదడు శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌ఎవెన్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఎలుకల్లో కార్టిసాల్‌కి సాటి హార్మోన్‌ని రేడియోధార్మిక గుర్తు వేసి ఎక్కించారు. అది వెళ్ళి హిప్పోకాంపస్‌లో పేరుకుంది. చెవుల పైభాగానికి లోపలగా, రెండు వైపులా ఒక్కొక్కటి, సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుంది కాబట్టి దానికా పేరు. కొత్త సంగతుల్ని నిలిచే జ్ఞాపకాలుగా మార్చే చోటు అదేనని మనకి తెలిసింది హెన్రీ మొలైసన్ అనే మనిషి వల్ల. మూర్ఛలు తగ్గడానికి 1953లో ఆయనకి రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ 2008లో చనిపోయేదాకా, తనని దశాబ్దాల పాటు పరీక్షించిన సైకాలజిస్టు బ్రెండా మిల్నర్ ఆయనకి ఎప్పుడూ కొత్త మనిషే.

అంటే స్ట్రెస్ హార్మోన్ సరిగ్గా జ్ఞాపకాలు తయారయ్యే చోటికే వెళ్ళి వాలుతోంది. అక్కడి కణాల్లో దాన్ని పట్టుకునే గ్రాహకాలు రెండు రకాలు. మొదటి రకం పట్టు రెండోదానికన్నా సుమారు పది రెట్లు ఎక్కువ, మామూలు రోజుల్లోనే చాలావరకు నిండి ఉంటుంది. రెండో రకం కార్టిసాల్ బాగా పెరిగినప్పుడే నిండుతుంది. అది కొంత నిండితే కణాల మధ్య లంకెలు చక్కగా గట్టిపడతాయి. మరీ నిండితే అదే పని మందగిస్తుంది. అందుకే కాస్త టెన్షన్ మేలు చేస్తుంది, ఎక్కువైతే చెడగొడుతుంది.

ఇప్పుడు ఆ కిటికీ పక్క పిల్లాడు. పేరుకీ ముఖానికీ సహజంగా ఏ సంబంధమూ ఉండదు. మనమే పూనుకుని కట్టాలి. ఆ కాసేపు పేరునీ ముఖాన్నీ ఒకచోట పట్టి ఉంచేది నుదురు వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. టెన్షన్‌లో నార్అడ్రినలిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాలు మోతాదు మించితే ముందుగా చేతులెత్తేసేది ఈ భాగమే. యేల్ యూనివర్సిటీలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేశారు. అక్కడి కణాల మధ్య సంభాషణ తాత్కాలికంగా తెగిపోతుంది, పగ్గాలు ఇంకా పాతవైన, దుడుకైన భాగాల చేతికి పోతాయి. వాడు పేరు చెబుతుంటే మీ చెవి వింటోంది, మనసు నాన్నగారి మధ్యాహ్నపు మాత్ర దగ్గర ఉంది. వాడి పేరు మీరు మర్చిపోలేదండీ. అది మీకు అందనే లేదు. బోర్డు మీద లెక్క రెండుసార్లు వేయడం, వదినగారికి మూడుసార్లు చెప్పడం, డాక్టరు మాటలు పోవడం, అన్నీ ఈ ఖాతాలోవే.

పిన్ నంబరుది వేరే కథ. నా పీజీ వైవాలో ఎగ్జామినర్ అడిగిన మొదటి ప్రశ్న, అడ్రినల్ గ్రంథి పైపొర వదిలే హార్మోన్ల పేర్లు చెప్పు. సున్నా. ముందురోజు జూనియర్లకి గంటసేపు చెప్పిన పాఠం అది. కార్టిసాల్ దెబ్బకి కార్టిసాల్ అనే మాటే రాలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నా రాలేదు. మూడు గంటల తర్వాత బస్సులో, ఎవరూ అడగకుండా, మూడు పేర్లూ వరుసగా వచ్చాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దానికి వివరణ చాలా ఏళ్ళకి, 1998లో చదివాను. డొమినిక్ డి కెర్వెన్, ఆయన సహచరులు ఎలుకలకి నీళ్ళ తొట్టిలో దాగి ఉన్న గట్టు ఎక్కడుందో నేర్పారు. మర్నాడు పరీక్షకి ముందు కొన్నిటికి చిన్న షాక్ ఇచ్చారు. పరీక్షకి రెండు నిమిషాల ముందు షాక్ తిన్నవి బాగానే ఈదుకుంటూ వెళ్ళాయి. నాలుగు గంటల ముందు తిన్నవీ అంతే. అరగంట ముందు తిన్నవి మాత్రం దారి తెలియక తిరిగాయి. పైన చెప్పిన ఇరవై ముప్ఫై నిమిషాలు ఇవే. నేర్చుకున్నది చెరగలేదు, కార్టిసాల్ ఎత్తులో ఉన్నంతసేపు తలుపు బిగుసుకుందంతే. తర్వాత మనుషులకి, ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిజోన్ మాత్ర ఇచ్చి చూసినప్పుడు కూడా ముందురోజు నేర్చుకున్న మాటలు తక్కువగా గుర్తొచ్చాయి. ఏటీఎం దగ్గరికి వెళ్ళేముందు మీకు ఏదో ఫోన్ వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఇక ఆ సాయంత్రం. హిప్పోకాంపస్ ముందు కొసన బాదం గింజంత అమిగ్డలా ఉంటుంది. ప్రమాదం అనిపించగానే మేలుకునేది అదే. అడ్రినలిన్ మెదడులోకి దూరలేదన్నాను కదా, గుండె, పొట్టల నుంచి మెదడుకి వెళ్ళే వేగస్ నాడి ద్వారా కబురు పంపుతుంది. దాంతో మెదడులోనే నార్అడ్రినలిన్ విడుదలవుతుంది, అమిగ్డలా హిప్పోకాంపస్‌తో దీన్ని గట్టిగా రాసుకో అంటుంది. 1994లో లారీ కేహిల్, జేమ్స్ మెక్‌గా కొందరికి ఒక పిల్లాడికి జరిగిన యాక్సిడెంట్ కథని బొమ్మలతో చూపించారు. సగం మందికి ముందే ఆ నార్అడ్రినలిన్ పనిని అడ్డుకునే ప్రొప్రనలాల్ మాత్ర ఇచ్చారు. వారం తర్వాత అడిగితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి యాక్సిడెంట్ ఘట్టం మిగతా కథకన్నా బాగా గుర్తుంది. ప్రొప్రనలాల్ వేసుకున్నవాళ్ళకి ఆ తేడా లేదు, మామూలు ఘట్టాలు మాత్రం అందరిలాగే గుర్తున్నాయి. (ఇది చదివి ఎవరూ ఆ మాత్ర సొంతంగా వేసుకోకండి, అది గుండె మీద పనిచేసే మందు.)

కాబట్టి మీ మెదడు తిక్కగా ప్రవర్తించడం లేదు. ప్రమాదంలో ఉన్న ప్రాణికి ఏది పనికొస్తుందో అది ఉంచుకుంటోంది, మిగతాది ఆపేస్తోంది. దాని దృష్టిలో ముప్ఫై ఎనిమిది పేర్లు ఇప్పుడు అత్యవసరం కాదు.

ఒక్కమాట. స్పష్టంగా ఉన్న జ్ఞాపకం నిజమైన జ్ఞాపకమనుకోకండి. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడే అల్రిక్ నైసర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ తన విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించి దాచాడు. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగితే, నాలుగో వంతు మంది చెప్పిన ముఖ్యమైన వివరాలేవీ తాము రాసినదానితో కలవలేదు. వాళ్ళ ధీమా మాత్రం చెక్కుచెదరలేదు. అమిగ్డలా జ్ఞాపకానికి గట్టిదనం ఇస్తుంది, కచ్చితత్వానికి హామీ ఇవ్వదు.

నల్లబల్ల

సార్, చాలా థ్యాంక్స్. ఫోన్ సంగతి నిజమే. ఏటీఎం దగ్గరికి వెళ్ళే దారిలో అన్నయ్య ఫోన్ చేసి నాన్న బాత్‌రూమ్‌లో జారారని చెప్పాడు. దెబ్బేమీ తగల్లేదు కానీ నా ప్రాణం పోయినంత పనైంది. పోస్టులో ఆ ముక్క రాయడం మర్చిపోయాను, చూడండి.

చివర మీరు చెప్పింది మాత్రం నా విషయంలో ఒప్పుకోను. ఆ సాయంత్రం నేను చూశాను, విన్నాను. నీళ్ళ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది ఇంకోటి. టెన్షన్ వల్ల హిప్పోకాంపస్ కుంచించుకుపోతుందని ఒక వీడియోలో చూశాను. నాలుగు నెలలంటే తక్కువేమీ కాదు కదా.

రేపే పరీక్ష

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాకు టెన్షన్ లేకపోతే అసలు చదువే ఎక్కదు. పరీక్ష ముందు రాత్రి చదివిందే మర్నాడు రాస్తాను. కాబట్టి స్ట్రెస్ మంచిదే అనుకోవాలా? ఏదో ఇద్దరు సైంటిస్టుల గీత ఉంటుంది కదా, కొండలా పైకి వెళ్ళి కిందికి దిగేది.

పాత లెక్చరర్

రేపే పరీక్ష బాబూ, నువ్వు చెప్పేది యెర్క్స్, డాడ్సన్ల గీత. 1908 నాటిది. ఆ పేపర్ చదివితే నవ్వొస్తుంది. అందులో ఉన్నవి గుండ్రంగా తిరిగే జాతి చుంచెలుకలు, వాటికి చిన్న కరెంటు షాకులు. తెల్లడబ్బా ఏదో నల్లడబ్బా ఏదో పోల్చుకోవడం నేర్పారు. పని తేలికైనప్పుడు షాక్ పెరిగేకొద్దీ బాగా నేర్చుకున్నాయి, కష్టమైనప్పుడే కొండ ఆకారం వచ్చింది. స్ట్రెస్ అనే మాటే అందులో లేదు. ఆ మాటని ఈ అర్థంలో నిలబెట్టినవాడు హాన్స్ సెల్యె, ఈ విషయం మీద ఆయన మొదటి పేపర్ 1936లో. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఆ గీతని మనుషులందరికీ తగిలించేశారు.

చదివేటప్పుడు కాస్త టెన్షన్ ఆ విషయాన్ని అంటించడానికి పనికొస్తుంది, నిజమే. కానీ అదే టెన్షన్ రాసేటప్పుడు తలుపు బిగిస్తుంది. నువ్వు లాభం ఒక్కటే లెక్క వేస్తున్నావు. రాత్రి నిద్ర కూడా పోగొట్టుకుంటున్నావు, గాఢనిద్రలో హిప్పోకాంపస్ పగటి సంగతుల్ని మళ్ళీ తిరగేసి భద్రపరుస్తుంది. ఆ లెక్క వారం తర్వాత అదే పాఠం ఎవరైనా అడిగినప్పుడు తేలుతుంది.

నల్లబల్ల గారూ, కుంచించుకుపోవడం గురించి. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను, భయం కొంతైనా తగ్గుతుంది.

ఎలుకల్ని రోజూ కొన్ని గంటలు కదలకుండా బిగించి ఉంచితే, 21 రోజులకి హిప్పోకాంపస్‌లోని ఒక ప్రాంతపు కణాల కొమ్మలు పొట్టివై, తక్కువవుతాయి. డెండ్రైట్లంటాం వాటిని. కణాలు చచ్చిపోవు. కొమ్మలు వెనక్కి తీసుకుంటాయి. ఆ హింస ఆపేస్తే మళ్ళీ పెరుగుతాయి. మెక్‌ఎవెన్ బృందం చూపించినదాంట్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఆయన దీన్ని పాడైపోవడం అనేవాడు కాదు, సర్దుకోవడం అనేవాడు. వీడియోలవాళ్ళు మొదటి సగం చెప్పి ఆపేస్తారు.

మనుషుల్లో దీనికి దగ్గర ఉదాహరణ కుషింగ్ వ్యాధి. అందులో టెన్షన్‌తో సంబంధం లేకుండానే కార్టిసాల్ నెలలు, ఏళ్ళ తరబడి విపరీతంగా ఉంటుంది. అలాంటివాళ్ళకి హిప్పోకాంపస్ చిన్నదిగా కనిపించింది, వైద్యం చేసి కార్టిసాల్ తగ్గించాక పరిమాణం కొంత పెరిగింది. మీ కార్టిసాల్ ఆ స్థాయికి దరిదాపుల్లో ఉండే అవకాశం చాలా తక్కువ.

ఇంకో సంగతి కూడా ఉంది. యుద్ధం నుంచి తిరిగొచ్చి పీడకలలతో బాధపడే సైనికుల్లో హిప్పోకాంపస్ చిన్నదిగా ఉంటే, అది యుద్ధం చేసిన గాయమే అనుకున్నారు. 2002లో గిల్బర్ట్‌సన్ అనే ఆయన వాళ్ళ కవల సోదరుల్ని స్కాన్ చేసి చూశాడు. అచ్చుగుద్దినట్టుండే కవలలు, కానీ యుద్ధానికి వెళ్ళనివాళ్ళు. వాళ్ళకీ చిన్నదే. అంటే కొందరిలో అది ముందునుంచీ చిన్నదిగా ఉండి, దెబ్బ తట్టుకోలేని గుణం అక్కడినుంచి వచ్చి ఉండొచ్చు. ఏది కారణం, ఏది ఫలితం అని తేల్చడం ఇంత చిక్కు. నాలుగు నెలల బాధ మెదడుని తినేసిందని ఎవరైనా గట్టిగా చెబితే ఆ వీడియో కట్టేయండి.

డాక్టర్ దగ్గరికి మాత్రం ఒకసారి వెళ్ళండి. థైరాయిడ్, బి12 తక్కువైనా, డిప్రెషన్ ఉన్నా, నిద్ర చాలకపోయినా ఇవే లక్షణాలు వస్తాయి, వాటికి వైద్యం ఉంది. తెలిసిన దారిలో తప్పిపోవడం, రోజూ వాడే వస్తువు ఎలా వాడాలో తెలియకపోవడం, మీకేమీ తేడా తెలియకుండా ఇంట్లోవాళ్ళే కంగారు పడటం ఉంటే అసలు ఆలస్యం చేయకూడదు. మీరు మీ మరుపుల జాబితా ఇంత వివరంగా రాశారంటే నాకు కొంత ధైర్యంగానే ఉంది.

రాత్రి డ్యూటీ

అక్కా, నేను ఐసీయూ నర్సుని. పదకొండేళ్ళు. డాక్టరు చెప్పింది ఒక్క ముక్క గుర్తులేదన్నారు చూడండి, అది చదివి రాయాలనిపించింది. మా దగ్గర అందరికీ అంతే. మొదటి రెండు రోజుల్లో చెప్పింది ఎవరికీ ఉండదు. తల ఊపుతారు, అర్థమైందంటారు, సంతకం కూడా పెడతారు. గంట తర్వాత బయటికొచ్చి, ఏమైంది సిస్టర్, మాకెవరూ ఏమీ చెప్పలేదు అంటారు. కొత్తలో కోపమొచ్చేది. ఇప్పుడు నేనే ఒక కాగితం మీద నాలుగు ముక్కలు పెద్ద అక్షరాలతో రాసి చేతిలో పెడతాను, కుదిరితే రెండోవాళ్ళు పక్కన ఉన్నప్పుడే మాట్లాడతాను.

మాకూ మినహాయింపు లేదు. పేషెంట్ గుండె ఆగినప్పుడు ఇంజెక్షన్ ఎన్ని నిమిషాలకి ఇచ్చామో ఎవరి తలలోనూ ఉండదు. అందుకే ఒకరు మందులు ఇస్తుంటే ఇంకొకరి పని టైము రాయడమే. చేతులు మాత్రం వాటంతటవే పనిచేస్తాయి. ఛాతీ నొక్కడం వందలసార్లు చేసి ఉంటాం కదా, ఆలోచించక్కర్లేదు. సార్, దీనికి కూడా కారణం ఉందా? ఆలోచన పోతుంది, అలవాటు పోదు.

పేర్లకి నా చిట్కా ఒకటి. కొత్త వార్డులో పడితే బెడ్ నంబర్లు, పేర్లు చూసి చదవను. కాగితం బోర్లా పెట్టి గుర్తున్నవి రాస్తాను, తర్వాత తిప్పి చూసుకుంటాను.

పాత లెక్చరర్

ఉందమ్మా. అలవాట్లని చూసుకునేది స్ట్రయాటమ్ అనే వేరే భాగం. టెన్షన్‌లో మెదడు హిప్పోకాంపస్ పద్ధతి వదిలి ఆ పద్ధతికి మారుతుందని లార్స్ ష్వాబే, ఒలివర్ వోల్ఫ్ చేసిన ప్రయోగాల్లో కనిపించింది. మీ డ్రిల్లులన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తాయి. టీచర్ గారి పిన్ నంబరు కూడా అంతే. అంకెలు గుర్తులేకపోయినా కీప్యాడ్ మీద వేళ్ళకి వదిలేస్తే వేళ్ళే నొక్కేసేవేమో.

నీ కాగితం చిట్కా సామాన్యమైంది కాదు. 2016లో ఎమీ స్మిత్ అనే పరిశోధకురాలు, మరికొందరు కలిసి 120 మందితో ఇదే చేశారు. సగం మంది జాబితాని మళ్ళీ మళ్ళీ చదివారు, సగం మంది చూడకుండా గుర్తు తెచ్చుకున్నారు. మర్నాడు కొందరికి అప్పటికప్పుడు జనం ముందు ఉపన్యాసం ఇమ్మని, లెక్కలు చేయమని కంగారు పెట్టారు. చదివినవాళ్ళకి జ్ఞాపకం దెబ్బతింది. గుర్తు తెచ్చుకుని సాధన చేసినవాళ్ళకి కార్టిసాల్ ఎత్తులో ఉన్న సమయంలో కూడా చెక్కుచెదరలేదు. రేపే పరీక్ష బాబు ఇది రెండుసార్లు చదవాలి. కాదు, ఒకసారి చదివి, ఫోన్ బోర్లా పెట్టి, ఏం చదివాడో చెప్పుకోవాలి.

హరితం

మాత్రల డబ్బా దొరికింది. మల్టీవిటమిన్ అట.

నల్లబల్ల

మూడు వారాలకి మళ్ళీ వచ్చాను. అందరికీ చెప్పాలి కదా.

డాక్టర్ని కలిశాను. థైరాయిడ్ బాగానే ఉంది. బి12 కొంచెం తక్కువుందని ఇంజెక్షన్లు రాశారు. నిద్ర ఎన్ని గంటలు అని అడిగితే నాలుగు అన్నాను, ఆవిడ పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు. ఇప్పుడు రాత్రులు వారానికి నాలుగు అన్నయ్యవి, మూడు నావి. వదినే పంచింది, మేమిద్దరం నోరెత్తలేదు.

నర్సు చెల్లి చెప్పినట్టు సాయంత్రం క్లాసు బొమ్మ గీసుకుని, బెంచీల వారీగా పేర్లు చూడకుండా రాస్తున్నాను. మొదటి రోజు పదిహేను వచ్చాయి. నిన్న ముప్ఫై అయిదు. కిటికీ పక్క పిల్లాడి పేరు నాలుగో రోజే వచ్చింది. మర్నాడు పొద్దున పిలిస్తే వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవర్నో పిలిచాననుకుని.

లెక్చరర్ గారూ, మీరన్నది నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మొన్న ఉండబట్టలేక అన్నయ్యని కూర్చోబెట్టి ఆ సాయంత్రం గురించి అడిగాను. ఇద్దరం ఒకేసారి గుమ్మంలోకి వచ్చాం కదా. చెప్పు నిజమే, కాకపోతే కుడికాలిదట. గడియారం తనకి తెలియదన్నాడు. కుళాయి సంగతి అడిగితే కాసేపు నా ముఖం చూశాడు. అది అప్పటికి వారం నుంచి పాడైపోయి ఉందట, చుక్క నీళ్ళు రావట్లేదట. ప్లంబర్‌కి ఫోన్ చేయమని నాన్న రోజూ పోరుతున్నది నన్నేనట.